ఈ వారం మీ వంతు

ప్లెయిన్స్‌బరో,
జూన్ 9, 2024.

చంద్రికకి,

ఈసారి ఆశీస్సులు లేవు. కోపం చల్లారాక పంపిస్తాను.

నిన్న తెలుగు సంఘం వాళ్ళ సావనీరు వచ్చింది. ఎప్పటిలాగే ప్రకటనలు దాటుకుంటూ తిరగేస్తుంటే మధ్యలో ‘నా మనసు దోచిన జర్మనీ ఊరు’ అని ఒక వ్యాసం. రాసింది ఎడిసన్‌లో ఉండే యజ్ఞనారాయణ. అదే, మీ అన్నయ్య స్నేహితుడు. రిటైరైన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లో కాఫీ తాగి, మా సోఫాలోనే రచయిత అయినవాడు. పక్కన శాలువాతో ఫొటో. మొదటి రెండు వాక్యాలకే నా ఒళ్ళు మండింది. “ఈ ఊళ్ళో ఆదివారం చప్పుడు చేయకూడదు. ఖాళీ సీసా డబ్బాలో పడేసినా ఎదురింటి కిటికీ తెరుచుకుంటుంది.” ఇవి నువ్వు నాకు రాసిన వాక్యాలు చంద్రికా. ఒక్క అక్షరం మారలేదు. ఊరి పాత గోడలో మిగిలిన ఒకే ఒక్క గుమ్మం, పావుగంటకోసారి మోగే చర్చి గంట, పళ్ళు ఊడేంత గట్టి రొట్టె, అన్నీ నీవే.

ఫోన్‌లో మాట్లాడితే మీ అన్నయ్య స్పీకర్ పెట్టమంటారు, వదినామరదళ్ళ మాటలు మనకే మిగలాలని కదా ఈ ఉత్తరాలు మొదలుపెట్టాం. ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. యజ్ఞనారాయణ అడగ్గానే ఆయనకీ రాసి పంపావా? నాకు రాసిన ముక్కలే మళ్ళీ ఆయనకా? మీ అన్నయ్యని అడిగితే “ఊరుకోవే, ఏదో నాలుగు ముక్కలు రాసుకున్నాడు” అని టీవీ సౌండ్ పెంచారు. వ్యాసం కత్తిరించి ఇందులో పెట్టాను. చదివి జవాబు రాయి.

నీ వదిన,
నళిని


హోల్డర్‌బ్రున్,
జూన్ 21, 2024.

వదినా,

మీరు ఆశీస్సులు ఎగ్గొట్టారు కాబట్టి నేను నమస్కారాలు ఎగ్గొడుతున్నాను. చెల్లుకు చెల్లు.

ఆయనకి నేను రాయడమేమిటి? ఆ మనిషిని మీ ఇంట్లో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ “ఏమ్మా, నువ్వు ఉండేది ఏ దేశం?” అని అడిగాడు. ఉత్తరాలు దాటింది మీ గడప. మీకు చదివి వినిపించే అలవాటుంది. ఐసెలిన్‌లో చీరల షాపులో కూర్చుని నా ఉత్తరం చదివానని మీరే ఒకసారి రాశారు. నన్ను తిట్టేముందు మీ ఇల్లు వెతుక్కోండి.

వ్యాసం చదివాను. మా బాల్కనీలో కూర్చుని చర్చి గంటలు విన్నది ఆయనట. గేర్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన కృష్ణమోహన్ ‘స్థానిక మిత్రుడు’ అయ్యాడు. నేను మాత్రం ఎక్కడా లేను. పదకొండేళ్ళుగా ఇక్కడున్న నన్ను తుడిచేసి ఆ చోట తన కుర్చీ వేసుకున్నాడు.

మీకు ఇదివరకు రాయని సంగతి ఒకటి ఉంది. ఇక్కడ చలికాలం చివర వేషాల పండగ వస్తుంది. ఊళ్ళోవాళ్ళు చెక్క ముఖాలు తొడుక్కుని, ఒంటి నిండా గంటలు కట్టుకుని వీధుల్లో తిరుగుతారు. మన పగటివేషాల లాగే, కానీ వీళ్ళ చేతిలో ఒక బొమ్మల పుస్తకం ఉంటుంది. ఎదురుపడిన మనిషిని ఆపి, ఆ ఏడాది వాళ్ళు చేసిన తెలివితక్కువ పనిని అందరి ముందూ పాటలా చదువుతారు. విన్నవాళ్ళు కోప్పడకూడదు. అయ్యాక చేతిలో ఒక మిఠాయి పెడతారు. మేయర్ని వదలరు, చర్చి ఫాదర్ని వదలరు. పదకొండేళ్ళుగా చౌరస్తాలో నిలబడుతున్నాను, నా ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ ఊళ్ళో సగం మంది చూపు పరీక్ష చేశాను. వాళ్ళకి నేనింకా ‘కళ్ళజోళ్ళ షాపు ఇండియన్’నే. తిట్టించుకోవడానికి కూడా లెక్కలోకి రాని మనిషిని. ఈ ఊరు నాదని అనిపించింది మీకు రాసిన ఆ ఉత్తరాల్లోనే. దాన్ని కూడా ఎత్తుకుపోయాడు.

నేను వదలను వదినా. మీరు తోడొచ్చినా సరే, రాకపోయినా సరే.

చంద్రిక


ప్లెయిన్స్‌బరో,
జులై 5, 2024.

చంద్రికకి ఆశీస్సులు, పోయినసారివి కూడా కలిపి.

దొంగ దొరికాడు. మీ అన్నయ్యే. “విశ్వనాథం, మీ చెల్లెలు భలే రాస్తుందటగా, చదివి ఇచ్చేస్తాను” అని ఆయన అడిగితే, ఈయన నా అల్మారాలోంచి కట్ట తీసి ఇచ్చారట. “ఫ్రెండు అడిగితే కాదంటానా?” అని నీళ్ళు నమిలారు. ఇంట్లో వంట బందు పెట్టాను. ప్రస్తుతం మీ అన్నయ్య ఓక్‌ట్రీ రోడ్డు హోటల్ ఇడ్లీల మీద బతుకుతున్నారు.

ఆదివారం యజ్ఞనారాయణ రాగానే మొహం మీదే అడిగేశాను. ఆయన ఏమన్నాడో విను. “చూడండి డాక్టరుగారూ, మెటీరియల్ ఎవరిదైనా స్టైల్ నాది. ఆ అమ్మాయి ఏదో హౌస్‌వైఫ్ టైపులో లెటర్స్ రాసుకుంది. నేను దాన్ని లిటరేచర్ చేశాను. షీ షుడ్ బి హ్యాపీ.” ఆ మాటని కాఫీలో ముంచుకుని తాగుతూ, “పార్ట్ టూ ప్లాన్ చేస్తున్నా. కొత్త లెటర్ వస్తే కొంచెం చెప్పండి” అన్నాడు. కప్పు ఆయన నెత్తిన బోర్లిద్దామనిపించింది. బోర్లించలేదు. నవ్వాను.

ముప్ఫై ఏళ్ళు మత్తు డాక్టరుగా చేశాను. ఎవరికి ఎంత మోతాదు ఇస్తే పడతారో నాకు తెలుసు. నువ్వు ఒక అబద్ధం రాయి. వినడానికి నిజంలా ఉండాలి, నమ్మినవాడు నలుగురిలో నవ్వులపాలవ్వాలి. నేను దాన్ని డైనింగ్ టేబుల్ మీద మర్చిపోతాను.

నీ వదిన,
నళిని


హోల్డర్‌బ్రున్,
జులై 19, 2024.

వదినా, నమస్కారాలు.

తెల్ల కాగితం మీకు. నీలం కాగితం మీ టేబుల్‌కి.

ముందు నిజం చెబుతాను. మా బిల్డింగులో ఆరిళ్ళు. మెట్లు ఊడ్చడానికి ఎవరూ రారు, వారానికి ఒక ఇంటివాళ్ళు ఊడ్చి కడగాలి, ముందు దారితో సహా. వంతు ఎవరిదో తెలియడానికి వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక వేలాడదీస్తారు. చుట్టూ పువ్వులు చెక్కిన పాత పలక, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మధ్యలో జర్మన్‌లో ‘ఈ వారం మీ వంతు’ అని రాసి ఉంటుంది. వారం అయ్యాక పక్క తలుపుకి తగిలించాలి. పై అంతస్తులో బాయర్లె అని పెద్దావిడ ఉంది, నేను మనసులో బాయర్లమ్మ అంటాను. మెట్ల మూలల్లో వేలు పెట్టి దుమ్ము చూస్తుంది. తలుపు మీద ఆ పలక కనిపిస్తే నాకు ఇప్పటికీ నడుము నొప్పి మొదలవుతుంది.

ఇక నీలం కాగితంలో ఏముందంటే:

“వదినా, ఈ ఊళ్ళో ఒక గొప్ప ఆచారం ఉంది. వారానికొకసారి ఊరివాళ్ళు ఒక మంచి కుటుంబాన్ని ఎంచి, వాళ్ళ తలుపుకి పువ్వులు చెక్కిన గౌరవ పలక తగిలిస్తారు. చప్పుడు చేయకుండా, చెప్పకుండా తగిలించి వెళ్ళిపోవడమే మర్యాద. పైదేశంవాళ్ళకి ఇవ్వడం ఎప్పుడోగానీ జరగదు. ఇస్తే మాత్రం ఆ పలక ఇక వాళ్ళదే, తమ దేశం తీసుకెళ్ళి నట్టింట్లో పెట్టుకోవాలి, లేకపోతే ఊరు నొచ్చుకుంటుంది.”

శాలువాల మనిషి కదా, ఇది గొంతు దిగుతుందనుకుంటున్నాను. రాస్తున్నంతసేపూ హాయిగా ఉంది, చాలా రోజుల తర్వాత.

చంద్రిక


ప్లెయిన్స్‌బరో,
నవంబర్ 10, 2024.

చంద్రికకి ఆశీస్సులు.

మందు ఎక్కింది. నేను కాఫీ కలిపి వచ్చేలోగా యజ్ఞనారాయణ నీలం కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. వంటింటి తలుపు సందులోంచి చూశాను. దీపావళి సంచికలో ‘గౌరవ పలకల ఊరు’ అని మూడు పేజీలు వచ్చాయి. చివర్లో “ఆ పలక నా తలుపు తట్టే రోజు కోసం ఎదురుచూస్తున్నాను” అని రాసుకున్నాడు.

కానీ ఒక చిక్కు వచ్చింది. వాళ్ళబ్బాయి శ్రీరామ్ మొదటి వ్యాసాన్ని ఇంగ్లీషులో పెట్టి మీ మేయర్ ఆఫీసుకి ఈమెయిల్ చేశాడట. వాళ్ళు ముచ్చటపడి వేషాల పండగకి అతిథిగా రమ్మన్నారు. రెండో వ్యాసం ఇంకా తర్జుమా కాలేదు, అది మన అదృష్టం. ఈ లోపల ఎడిసన్‌లో సన్మానం కూడా పెడుతున్నారు. మోతాదు ఎక్కువైందేమో అని నాకు భయంగా ఉంది. ఆపమంటే ఇక్కడితో ఆపేస్తాను.

నీ వదిన,
నళిని


హోల్డర్‌బ్రున్,
జనవరి 12, 2025.

వదినా,

మళ్ళీ నమస్కారాలు లేవు. సంఘం వాళ్ళ ఫేస్‌బుక్‌లో సన్మానం ఫొటో చూశాను. ఆయనకి పూలగుచ్ఛం ఇస్తున్నది మీరు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఆపేస్తానన్నది ఇందుకా? మీరు నా వైపా, ఆయన వైపా?

ఇక్కడి పత్రికలో కూడా ఆయనే, ‘మన ఊరిని ప్రేమించిన అమెరికా రచయిత’ అని. మెట్లు ఊడుస్తుంటే బాయర్లమ్మ తెచ్చి చూపించింది. “ఈయనా మీ ఇండియా ఆయనే, నీకు తెలుసా?” అంది. తెలుసన్నాను. “ఎంత బాగా రాశాడో! ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నవాడిలా రాశాడు” అంది. చేతిలో చీపురుంది వదినా. గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రమే వేషగాళ్ళ పెద్ద దగ్గరికి వెళ్ళాను. నేను రోజూ రొట్టె కొనే బేకరీ ఆయనే, పేరు హాగెల్. నీలం కాగితం సంగతితో సహా అంతా చెప్పాను. ఈ పండగలో యజ్ఞనారాయణని ఆపి, ఇతను పరాయి ఉత్తరాలు దొంగిలించాడని అందరి ముందూ చదవమని అడిగాను. ఆయన చేతుల పిండి దులుపుకుంటూ విన్నాడు. “కుదరదు. బయటివాళ్ళకి మేం చదవం. తిట్టాలన్నా మా ఊరి మనిషి అయ్యుండాలి” అన్నాడు. ఇన్నేళ్ళూ నా ముందు ఎవరూ ఎందుకు ఆగలేదో అప్పుడు అర్థమైంది. రొట్టె కొనకుండానే వచ్చేశాను.

ఇక నా చేతిలో మిగిలింది ఆ పలకే. మా ఎదురు ఫ్లాట్ బాయర్లమ్మది, అతిథులకి అద్దెకిస్తుంది. మేయర్ ఆఫీసుకి నేనే ఫోన్ చేసి ఆయనకి ఆ ఫ్లాట్ ఇప్పించాను. ఇక్కడ పడుకున్నవాళ్ళు ఇక్కడ ఊడవాలన్నది బాయర్లమ్మ చట్టం. పండగ ముందు వారం వంతు మాది. మా తర్వాతి తలుపు ఆయనది. నేను ఆపను.

చంద్రిక


ప్లెయిన్స్‌బరో,
ఫిబ్రవరి 2, 2025.

చంద్రికా,

ఆపరేషన్ బల్ల మీద పేషెంటు చెయ్యి పట్టుకుని నవ్వేది మేమే. మేము మొహం మాడ్చుకుంటే వాళ్ళు లేచి కూర్చుంటారు. పూలగుచ్ఛం అందుకే ఇచ్చాను. ఇచ్చి ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. ఇన్నేళ్ళ వదినని, నన్ను ఆ మాత్రం తెలుసుకోలేదా?

వాళ్ళిద్దరూ ఈ నెలాఖరుకి బయల్దేరుతున్నారు. భార్య సుబ్బులు మంచి మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ఒలకబోసింది తుడుస్తూనే ఉంది. ఆవిడని మాత్రం నొప్పించకు.

మీ అన్నయ్య నీకు ఆవకాయ సీసా యజ్ఞనారాయణ చేత పంపిస్తానన్నారు. వద్దన్నాను. విమానం దిగేలోగా అది కూడా తన చేతి వంటే అంటాడు.

నీ వైపే ఉన్న,
నళిని


హోల్డర్‌బ్రున్,
మార్చి 5, 2025.

వదినా, నమస్కారాలు. ఎగ్గొట్టినవన్నీ కలిపి వంగి పెడుతున్నాను.

గురువారం దిగారు. మేయర్ ముందు ఆయన నన్ను చూపించి “షీ ఈజ్ మై ఫ్రెండ్స్ సిస్టర్. లోకల్ రీసెర్చ్‌లో కొంచెం హెల్ప్ చేసింది” అన్నాడు. నేను నవ్వాను. మీ నవ్వు నాకూ అబ్బింది.

శనివారం మెట్లు ఊడ్చి, కడిగి, పలక తీసుకెళ్ళి ఆయన తలుపుకి తగిలించాను. నేను చేసింది అంతే. తెల్లారి తలుపు తీసి ఆయన వేసిన కేక మా ఇంట్లోకి వినబడింది. “సుబ్బులూ! ఫోన్ తీసుకురా! ఇచ్చేశారే, ఇచ్చేశారు!” శాలువా కప్పుకుని, పలకని రెండు చేతులా గుండెకి ఆనించుకుని ఫొటోలు దిగాడు. బాయర్లమ్మ మెట్లు దిగి వచ్చి, మూలనున్న చీపురు చూపించింది. ఆయన వంగి దండం పెట్టి “డాంకె, డాంకె” అని జర్మన్‌లో థాంక్స్ చెప్పాడు. ఆవిడ మళ్ళీ చీపురు చూపించింది. మళ్ళీ దండం పెట్టాడు. సాయంత్రానికి పలక సూట్‌కేసులో ఉంది. మెట్ల మీద బూట్ల బురద బూట్ల బురదలాగే ఉంది. బాయర్లమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పింది.

సోమవారం వేషాలు. చౌరస్తాలో ఆయన ముందు వరసలో నిలబడ్డాడు. పక్కన సుబ్బులుగారు వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఎప్పుడూ నిలబడే చోటే, వెనక. చెక్క ముఖంవాడొకడు గంటలు మోగించుకుంటూ తిన్నగా ఆయన వైపు వచ్చాడు. ఆయన శాలువా సర్దుకున్నాడు. వేషగాడు ఆయన్ని దీపస్తంభాన్ని దాటినట్టు దాటి, జనంలోంచి నడుచుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు.

పుస్తకం తెరిచాడు. గొంతు హాగెల్‌ది. మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. “మన చంద్రిక, కళ్ళజోళ్ళ చంద్రిక, చీపురు పలకని బిరుదని చెప్పి సముద్రం దాటిస్తోంది! పలక పోయింది, మెట్లు మాసిపోయాయి, బాయర్లె గుండె ఆగింది! అబద్ధానికి శిక్ష లేదు, అది మాకు నచ్చింది. మెట్లకి శిక్ష ఉంది. కొత్త పలక చెక్కేదాకా ఆరిళ్ళ వంతూ నీదే!” చౌరస్తా అంతా విరగబడి నవ్వింది. నా పేరు ఎక్కడా తప్పు పలకలేదు వదినా. ఇంట్లో పలికి పలికి వచ్చినట్టున్నాడు. మిఠాయి నా చేతిలో పెట్టాడు. కోప్పడకూడదన్నారు గానీ ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు కదా, ఏడ్చాను.

యజ్ఞనారాయణ జనాన్ని తోసుకుంటూ వచ్చి “ఏం చదివారమ్మా? నా గురించేనా?” అన్నాడు.

“కాదండీ. ఇది ఊరివాళ్ళకి” అన్నాను.

ఆ ఒక్క మాట అనడం కోసం ఇన్ని నెలలుగా పళ్ళు నూరుకున్నానని అనేశాక తెలిసింది. పలక అక్కడికి వచ్చాక వెనక్కి అడగకండి, ఆయన ఇంట్లోనే వేలాడనివ్వండి. నా కసి సగం తీరింది. మిగతా సగం మీ వైపు ఉంది.

మెట్లు ఊడ్చి ఊడ్చి నడుము పట్టేసిన,
మీ చంద్రిక


ప్లెయిన్స్‌బరో,
మార్చి 30, 2025.

చంద్రికకి ఆశీస్సులు, ఈసారి దోసిళ్ళతో.

నిన్న ఎడిసన్‌లో వాళ్ళింట్లో భోజనాలు. పలక చూపించడానికే పిలిచాడు. హాల్లో సోఫా పైన తగిలించి, దాని మీద పడేలా చిన్న లైటు కూడా పెట్టించాడు. సంఘం మొత్తం వచ్చింది. “ఇండియన్స్‌లో ఈ హానర్ నాకే ఫస్ట్” అని చెప్పిందే చెబుతున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, వంటింట్లోకి వెళ్ళాను.

సుబ్బులు గారెలు వేస్తోంది. పలక సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. “నాకు అక్కడే డౌటొచ్చింది వదినగారూ. ఆవిడ చీపురు చూపిస్తోంది, ఈయన దండం పెడుతున్నారు” అంది. అప్పుడు నీ ఉత్తరాల సంగతి కూడా చెప్పాను. అది మాత్రం ఆవిడకి తెలియదు. “అవి చంద్రిక రాసినవా? ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు ఆ ఊరు చూశానని నాతో అన్నారే!” అంది. స్టవ్ కట్టేసింది. చేతులు తుడుచుకుంది. గరాజ్‌లోకి వెళ్ళి చీపురు పట్టుకుని తిన్నగా హాల్లోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను, ఒక్క ముక్క కూడా పోగొట్టుకోదలుచుకోలేదు.

“ఏమండీ, దాని మీద ఏం రాసుందో చదవండి.”

“అదే, హానర్ ఆఫ్ ది టౌన్ అని...”

“కాదు. మెట్లు ఊడవడానికి ‘ఈ వారం మీ వంతు’ అని. ఆ ఊరు చంద్రికది. మీరు అచ్చేయించుకున్న మాటలు చంద్రికవి. అందులో మీకు వచ్చింది ఇదొక్కటే” అని చీపురు చేతిలో పెట్టింది.

ఎవరో ఫోన్‌తో పలకని ఫొటో తీసి తర్జుమా చేసి పైకి చదివారు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. ఆయన “జోక్, జోక్” అన్నాడు. సుబ్బులు నవ్వలేదు. “బేస్‌మెంట్ మెట్ల దగ్గర మొదలుపెట్టండి” అంది. చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయన్ని నీ కోసం తనివితీరా చూశాను. జాలి వస్తుందేమోనని కాసేపు ఆగాను కూడా. రాలేదు. గారెలు చాలా బాగున్నాయి.

మీ అన్నయ్య కూడా అక్కడే నిలబడి అంతా చూశారు. ఈ పొద్దున్న లేచేసరికి వంటింటి తలుపుకి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ‘ఈ వారం నా వంతు’ అని ఉంది. లోపల మీ అన్నయ్య ఉప్మా కలుపుతున్నారు. ఉండలు కట్టింది, అయినా తిన్నాను. ఆ కాసేపట్లోనే నీకు ఉత్తరం రాస్తున్నానని కనిపెట్టి, “ఇలా ఇవ్వు, నేను పోస్టు చేసొస్తాను” అని చెయ్యి చాపారు.

ఇవ్వలేదు. చెప్పులు వేసుకున్నాను, నేనే వెళ్తున్నాను.

నీ వదిన,
నళిని